మాణిక్యాలరావు గారి సున్నా నంబరు జోడు

అమలాపురం గడియార స్తంభం దాటి నాలుగడుగులు వేస్తే ఒక సందు ఉండేది. ఆ సందులో మాణిక్యాలరావు గారి కళ్ళజోళ్ళ కొట్టు. కొట్టు అని మర్యాదకి అంటున్నాను గానీ, అది మంచం వేస్తే తలుపు తెరుచుకోని గది. కళ్ళు పరీక్ష చెయ్యాలంటే కూర్చున్న మనిషికీ అక్షరాల అట్టకీ మధ్య ఇరవై అడుగులుండాలి. ఆ గదిలో పదడుగులు కూడా లేవు. అందుకని ఆయన అట్టని సందుకి అవతల, పెదబాబు గారి కొబ్బరితాళ్ళ కొట్టు గోడకి వేలాడదీశారు. మనం ఇవతల కుర్చీలో కూర్చుని, సందు మీదుగా అవతలి అక్షరాలు చదవాలి.

సందు ఊరుకుంటుందా? రిక్షాలు, కొబ్బరికాయల బళ్ళు, గేదెలు, అన్నీ అటునుంచే వెళ్ళేవి. "మూడో వరుస చదవండి" అని ఆయన అనేవారు. మనం నోరు తెరిచేసరికి ఓ గేదె వచ్చి సరిగ్గా మూడో వరుసకి అడ్డంగా నిలబడి ఆలోచనలో పడేది. "కంగారు లేదండీ, గేదెగారిని వెళ్ళనివ్వండి" అనేవారాయన. మనుషులన్నా పశువులన్నా ఆయనకి ఒకటే మర్యాద. పదేళ్ళ పిల్లనైన నన్ను కూడా "రండి పాపగారూ, కూర్చోండి" అన్నారు. ఇది 1979 నాటి సంగతి.

ఆయనంటే నాకు భక్తి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అందుకని ఆయన లోపాలు కూడా చెప్పకపోతే మీరు నన్ను నమ్మరు. ఆయనకి ముక్కు మీద కోపం, ముక్కులో పొడుం. అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ సలహాలిచ్చేవారు. జోడు కోసం వచ్చిన మనిషికి పళ్ళు ఎలా తోముకోవాలో చెప్పి పంపిన రోజులున్నాయి. భార్య దీనమ్మ గారు లోపల్నుంచి "ముందు కళ్ళు చూడండి, పళ్ళు తర్వాత చూద్దురు గాని" అని కేకేసేది.

ఆయనది రాజోలు వైపు ఒక పల్లె. తల్లిదండ్రులు కూలి చేసుకుని బతికినవాళ్ళు. ఇరవయ్యేళ్ళ వయసులో ఒక మిషను కంటి ఆసుపత్రిలో కాపలా పనికి చేరారు. అక్కడి పెద్ద డాక్టరు గారు ఈయన చేతి శుభ్రం చూసి అద్దాలు తుడిచే పని అప్పజెప్పారు. తుడుస్తూ తుడుస్తూ ఏ అద్దం ఏ కంటికి పనికొస్తుందో నేర్చుకున్నారు. నేర్చుకోవడమంటే ఆషామాషీగా కాదు, పదిహేనేళ్ళు ఆ డాక్టరు గారి భుజం పక్కనే నిలబడి చూశారు. డాక్టరు గారు పోయాక ఒక అద్దాల పెట్టె, ఒక చిన్న లైటు, రెండు అట్టలు పట్టుకుని అమలాపురం వచ్చేశారు.

ఆయన వ్యాపారంలో పైకి రాకపోవడానికి ఒకటే కారణం. అవసరం లేని వాళ్ళకి కళ్ళజోడు అమ్మేవారు కారు. కాట్రేనికోన నుంచి బుల్లిరాజు గారని ఒక పెద్ద రైతు వచ్చారు. ఆయనకి చూపు బ్రహ్మాండంగా ఉంది. కూతురి పెళ్ళిలో ఫొటోలు తీస్తారు కదా, నల్లటి లావుపాటి జోడు పెట్టుకుంటే పెద్దరికంగా ఉంటుందని ఆయన కోరిక. మాణిక్యాలరావు గారు గంటసేపు పరీక్ష చేసి, "మీ కళ్ళు బంగారమండి. నేను జోడివ్వను" అన్నారు. "ఓ నంబరేదో రాసేయండి, ఏం పోయింది?" అని రాజుగారు. "బాగున్న కంటికి అద్దం అమ్మితే నేను అబద్ధం అమ్మినట్టండి" అని ఈయన. గొంతులు లేచాయి. ఆఖరికి అద్దాలు లేని ఉత్త ఫ్రేము చేతిలో పెట్టి, "పెళ్ళయ్యేక తెచ్చిచ్చెయ్యండి" అని పంపారు. ఆ ఫొటోల్లో బుల్లిరాజు గారు నిజంగానే పెద్దమనిషిలా ఉన్నారని విన్నాను.

అలాంటి మనిషి నా విషయంలో మాట తప్పారు. అదెలాగో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మా నాయనమ్మ సువార్తమ్మ ఎవరి చేలల్లో నాట్లు వేసిందో, ఆ చేల గట్టునే ఉన్న ఎలిమెంటరీ బడికి మా నాన్న దేవసహాయం హెడ్మాష్టరు. ఈ సంగతి మా నాయనమ్మ రోజుకొక్కసారైనా ఎవరికో ఒకరికి చెప్పేది. మా నాన్న మంచివాడు. కానీ రబ్బరు స్టాంపు ఉన్న కాగితం కనపడితే లేచి నిలబడే రకం. పైనుంచి ఏ ఆర్డరొచ్చినా తు.చ. తప్పకుండా చేసేవాడు. ఆయన లెక్క ప్రకారం మా వంశం ఇలా నడవాలి: వాళ్ళమ్మ నాట్లేసింది, ఆయన తెలుగులో పాఠం చెప్పాడు, నేను ఇంగ్లీషులో చెప్పాలి. అందుకని అయిదో తరగతికి నన్ను తన బడిలోంచి తీసి, అమలాపురంలో ఒక ఇంగ్లీషు కాన్వెంటులో వేశాడు.

అక్కడ మా క్లాసు టీచరు రాజ్యం మేడమ్. గంజి పెట్టిన చీర, చేతికి వాచీ, నడుస్తుంటే చెప్పుల టకటక. ఆవిడ మద్రాసు నుంచి వచ్చిందని పిల్లలందరం అనుకునేవాళ్ళం. అంత ఇంగ్లీషు మాట్లాడే మనిషి మరి ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? క్లాసులో తెలుగు మాట వినపడితే బెంచీ ఎక్కించేది. నేను ఆ గొడవే లేకుండా నోరు మూసుకు కూర్చున్నాను. అయినా రోజుకి మూడుసార్లు బెంచీ ఎక్కాను. కారణం ఒక్క మాట. ఆయ్.

కోనసీమ వాళ్ళకి ఈ మాట చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను. పెద్దవాళ్ళు పిలిస్తే ఆయ్ అంటాం. అడిగితే ఆయ్ అంటాం. అవునండి, వింటున్నానండి, అలాగేనండి, ఇన్నింటికీ మాకు అదొక్కటే. అనకపోతే మా నాయనమ్మ "నోట్లో ముద్ద ఉందా?" అనేది. అది ఆలోచించి అనే మాట కాదు, తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది.

"పుష్పలతా!" అని మేడమ్ పిలిచేది. "ఆయ్" అనేదాన్ని. వెంటనే బెంచీ.

ఒకరోజు మేడమ్ బోర్డు వైపు తిరిగి రాస్తుంటే వెనక ఎవరో కిచకిచలాడారు. ఆవిడ గిర్రున తిరిగి, "హూ ఈజ్ టాకింగ్? పుష్పలతా!" అంది. ఎవరు మాట్లాడారో నన్ను చెప్పమని ఆవిడ ఉద్దేశం. నా పేరు వినపడింది గనక నేను "ఆయ్" అన్నాను. ఇంగ్లీషులో ఐ అంటే నేను అని అప్పటికి నాకు బాగా ఒంటబట్టలేదు. అంత ధైర్యంగా తప్పొప్పుకున్న పిల్లని ఆవిడ అదివరకు చూసి ఉండదు. ఆ పూటంతా బెంచీ మీదే ఉన్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు దిగమన్నా దిగడానికి భయపడ్డాను.

ఇంటికొచ్చి చెబితే నాన్న బడి పక్షమే. "మేడమ్ గారు చెప్పేరంటే రూలేగా. ఇవాళ్టి నుంచి ఇంట్లో కూడా ఎవరూ ఆయ్ అనకూడదు. యెస్ అనాలి" అని ఆర్డరు వేశాడు. అమ్మ సుగుణ తలూపేసింది. నాయనమ్మ మాత్రం "యెస్సండి హెడ్మాష్టరు గారండి" అని రెండు చేతులూ జోడించింది. ఆవిడకి వేళాకోళం. నాకు మాత్రం నోరు తెరిచే చోటే లేకపోయింది. బడిలో అనకూడదు, ఇంట్లో అనకూడదు. రోజూ సాయంత్రం నాన్న బస్సు దగ్గరికొచ్చి "ఇవాళ బెంచీ ఎన్నిసార్లు ఎక్కేవు?" అని అడిగేవాడు. ఎవరు పిలిచినా ముందు నోరు గట్టిగా మూసుకుని, లోపల యెస్ ఉందో లేదో చూసుకుని, అప్పుడు తెరిచేదాన్ని.

దసరా సెలవుల తర్వాత బోర్డు మసకబారింది. ముందు సుద్దముక్క బాగాలేదనుకున్నాను. తర్వాత అక్షరాలు నీళ్ళలో పడ్డట్టు ఉబ్బడం మొదలుపెట్టాయి. తర్వాత గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కొంచెమే కనపడి చుట్టూ ఏమీ ఉండేది కాదు. నవంబరు వచ్చేసరికి పుస్తకం ముక్కుకి ఆనించినా అక్షరం తెలియడం మానేసింది. ఆ సంగతి చెప్పిన రోజున మా అమ్మ పొయ్యి మీద కూర మాడిపోయినా కదల్లేదు.

ఇక వైద్యాలు. నాయనమ్మ నెల రోజులు రోజూ పొన్నగంటి కూరే వండించింది. నాకు చూపు రాలేదు గానీ, మా ఇంట్లో మిగతా అందరి చూపూ మెరుగుపడి ఉంటుంది. ఆదివారం గుడిలో పాస్టరు గారు నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. చూపు పోతున్న పిల్ల అని ఆడవాళ్ళందరూ నా తల నిమిరారు. దాంతో నాకు భయం ఇంకా పెరిగింది. నాన్న కాకినాడ తీసుకెళ్ళి పెద్ద డాక్టరు గారికి చూపించాడు. ఆయన చుక్కలు వేసి, లైటు పెట్టి, చాలాసేపు చూసి, "లోపలంతా శుభ్రంగా ఉంది మాష్టారూ. కంట్లో ఏం లేదు" అన్నారు.

తిరుగు బస్సులో నాన్న ఒకటే గొణుగుడు. "కంట్లో ఏం లేకపోతే కనపడాలి కదా. కనపడకపోతే ఏదో ఉండాలి కదా." లెక్కల మాష్టారు కూడానేమో, సమాధానం కుదరక ఆయనకి పిచ్చెక్కిపోయింది. ఒక కొడుకూ లేడు, ఉన్నది నేనొక్కదాన్ని. నేను గుడ్డిదాన్నయిపోతే ఎలాగని ఆ నెలలో ఆయన సగమైపోయాడు. ఆ మాట మాత్రం నాతో అనలేదు. నాతో "బాగా చూడు, గట్టిగా చూడు" అనేవాడు.

ఎవరో చెబితే మాణిక్యాలరావు గారి దగ్గరికి తీసుకొచ్చాడు. ఒక శనివారం మధ్యాహ్నం. ఆయన నా ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టారు. అది నా తలకన్నా బరువు. అవతల గోడ మీద అన్నిటికన్నా పైనున్న ఒంటరి అక్షరం తప్ప నాకేమీ తెలియలేదు.

"ఆ పైది కనపడుతోందా పాపగారూ?"

నేను నాన్న వంక చూశాను. నోరు మూసి, తెరిచి, "యెస్ సర్" అన్నాను.

"దాని కిందది?"

మళ్ళీ నాన్న వంక. "నో సర్."

ఆయన పొడుం పీల్చి నన్ను తేరిపార చూశారు. తర్వాత కళ్ళ సంగతి వదిలేసి లోకాభిరామాయణం మొదలుపెట్టారు. "అన్నం తిన్నారా? మీ ఊళ్ళో వాన పడిందా? మీ నాయనమ్మగారు కులాసానా? చింతపిక్కలాట వచ్చా?" ప్రతిదానికీ నేను నాన్న వంక చూడటం, నోరు మూయడం, "యెస్ సర్" అనడం. చిన్న లైటు తీసి రెండు కళ్ళలోకీ చూశారు. ఆ తర్వాత పెట్టె అడుగునుంచి ఒక అద్దం తీసి, రుమాలుతో ఎంతో భద్రంగా తుడిచి, "ఇది మామూలు అద్దం కాదండి పాపగారూ. మా పాత డాక్టరు గారిది. ఇది పెడితే పెదబాబు గారి మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు" అంటూ ఫ్రేములో దింపారు.

పెదబాబు గారు నిజంగానే అవతల తాళ్ళ చుట్ట మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ చూస్తే రెండో వరుస కనపడింది. మూడోది కనపడింది. ఒక కొబ్బరికాయల బండి అడ్డొచ్చి వెళ్ళింది. నాలుగు, అయిదు, ఆరు. ఏడో వరుసలో చీమల్లాంటి అక్షరాలు కూడా చదివేశాను.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఎంత పవరండీ అది?" అన్నాడు.

"చెబుతానండి, కూర్చోండి. పాపగారూ, లోపలికెళ్ళండి. దీనమ్మ గారు జంతికలు పెడుతుంది."

లోపలంటే గుడ్డ పరదా వెనకాల. అక్కణ్ణుంచి చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. అదీగాక దీనమ్మ గారు కూడా చెవి పరదాకే ఆనించి ఉంది.

"అది సున్నా నంబరండి మాష్టారూ. వట్టి గాజు. కిటికీకి వేస్తారే, అదీ ఇదీ ఒకటే."

వెంటనే కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "అంటే ఇన్నాళ్ళూ ఇది నాటకమాడిందా? అక్కడ వాళ్ళ నాయనమ్మ ఏడ్చి ఏడ్చి చస్తోంది. పుష్పలతా, రావే ఇలా!"

నేను దీనమ్మ గారి చీర పట్టుకున్నాను. జంతిక నోట్లోనే ఉండిపోయింది.

"కూర్చోండి!" అని మాణిక్యాలరావు గారు ఒక్క అరుపు అరిచారు. ఆయన కోపం అప్పుడు చూశాను. "నాటకం కాదండి. ఆ పిల్లకి నిజంగానే కనపడలేదు. మా డాక్టరు గారి దగ్గర నేనిలాంటి పిల్లల్ని చాలామందిని చూసేను. భయం ఎక్కువైపోతే కొందరు పిల్లలకి కడుపునొప్పొస్తుంది. కొందరికి తలనొప్పొస్తుంది. కొందరికి చూపు తగ్గిపోతుంది. కంట్లో జబ్బుండదు, అయినా కనపడదు. వాళ్ళు కావాలని చేసేది కాదండి. కడుపునొప్పొచ్చిన పిల్లని నాటకమంటామా?"

"భయం దేనికండీ? నేను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదే!"

"అదే నేనూ అడుగుతున్నానండి. గంట నుంచి నలభై ప్రశ్నలడిగేను. ఒక్కసారి ఆయ్ అనలేదు. నేను రాజోలు వాణ్ణి, మీరు ముమ్మిడివరం వారు. మన పిల్ల గంటసేపు ఆయ్ అనకుండా కూర్చుందంటే ఆ నోటికి ఎవరో తాళం వేసేరండి. ఎవరు వేసేరు?"

"బళ్ళోనండి. రూలండి."

"ఇంట్లోనో?"

నాన్న కుర్చీలో కూలబడిన చప్పుడైంది. "భయంతో చూపు పోవడం నేనెక్కడా వినలేదండి" అన్నాడు, నీరసంగా.

"అయితే ఇలా ఈ కుర్చీలో కూర్చోండి. పాపగారూ, మీరూ రండి."

నాన్న కూర్చున్నాడు. ఆరో వరుస దాకా గడగడా చదివాడు. హెడ్మాష్టరు కదా, పాఠం చెప్పినట్టే చదివాడు. "భేష్" అన్నారు మాణిక్యాలరావు గారు. నా చేతికొక పేము బెత్తం ఇచ్చి, నాన్న పక్కనే నిలబెట్టారు. "ఇప్పుడు అదే ఆరో వరుస మళ్ళీ చదవాలండి. గట్టిగా, తడుముకోకుండా. తప్పొస్తే పాపగారు బల్ల మీద ఒకటి వేస్తారు. మీరు ఆ బల్లెక్కి నిలబడాలి." తలుపు బార్లా తీసి, "పెదబాబు గారూ, ఇలా వచ్చి చూడండి, ముమ్మిడివరం హెడ్మాష్టరు గారు చదువుతున్నారు!" అని సందులోకి కేకేశారు. పెదబాబు గారితో పాటు తాళ్ళు కొనడానికి వచ్చిన నలుగురూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

నాన్న మొదటి అక్షరం చదివాడు. అది సరైనదే. మాణిక్యాలరావు గారు "చ్చొచ్చొచ్చొ" అన్నారు. నాన్న ఆగి ఆయన మొహం చూసి, రెండోది చదివాడు. "అయ్యయ్యో" అన్నారాయన, అది కూడా సరైనదే అయినా. పెదబాబు గారు గొంతు సవరించుకున్నారు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. మూడో అక్షరం దగ్గర ఆగిపోయాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. కళ్ళు నులుముకున్నాడు.

"ఒక్క నిమిషమండి," అన్నాడు, "మసగ్గా ఉంది."

అనేసి, తన మాట తనకే వినపడినట్టు అలాగే ఉండిపోయాడు. గుమ్మంలో నలుగురూ మెల్లిగా తప్పుకున్నారు. నేను బెత్తం ఎత్తనే లేదు.

"ఇందాక చదివిన వరుసేనండి" అన్నారు మాణిక్యాలరావు గారు. ఈసారి కోపం లేదు. "నాటకమాడేరా మాష్టారూ?"

"లేదండి" అన్నాడు మా నాన్న.

ఆయన ఆ రోజు రాసిచ్చిన కాగితం మా ఇంట్లో పదేళ్ళుంది. "పాపగారికి జోడు, పదిహేను దినములు. తండ్రిగారికి: ఇంట్లో ఆయ్ మీద నిషేధం నేటి నుంచి రద్దు. సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు బడి మాట ఎత్తరాదు. స్వయంగా బడికి వెళ్ళి టీచరు గారితో మాట్లాడవలెను." కింద రబ్బరు స్టాంపు. మా నాన్న సంగతి కనిపెట్టేశారు గనక రెండుసార్లు వేశారు. నాన్న ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

నా జోడుకి గులాబి రంగు ఫ్రేము, వట్టి గాజు. అందులో ఏమీ లేదన్న సంగతి పరదా వెనక విన్నాను కదా, అయినా నేను నమ్మలేదు. పెదబాబు గారి మీసం నా కళ్ళతో నేను చూశాను మరి! వెల మాత్రం పుచ్చుకోలేదు. "నేను అమ్మలేదుగా దీనమ్మా, అరువిచ్చేను, అంతేగా" అని ఆయన ఆ సాయంత్రమంతా భార్య దగ్గర సంజాయిషీ చెప్పుకున్నారట. ఆ జోడు నా తర్వాత కూడా చాలా ముఖాలు తిరిగింది. ఏడో తరగతి పరీక్షల ముందు మంగాయమ్మ గారని ఒకావిడ మనవరాలికి, ఊరు మారి వచ్చిన పిల్లకి ఒకత్తెకి, ఇలా 1987లో ఆయన కొట్టు మూసేసేనాటికి పదకొండు మంది పెట్టుకున్నారని దీనమ్మ గారు చెప్పింది. వేరే జబ్బేదైనా ఉందేమోనని ముందు పెద్ద డాక్టరుకి చూపించుకు వస్తేనే ఇచ్చేవారు. ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళకొక కాగితం, రెండు స్టాంపులు.

ఇంటికి రాగానే నాన్న కాగితం పైకి చదివాడు. నాయనమ్మ లేచి నిలబడి, "ఆయ్! ఆయ్! ఆయ్!" అని మూడుసార్లు అని కూర్చుంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మాత్రం రెండు రోజులు అనలేకపోయాను.

అయిదు నుంచి ఆరు గంట చాలా కష్టంగా గడిచింది, నాకు కాదు, నాన్నకి. బడి మాట లేకుండా కూతురితో ఏం మాట్లాడాలో ఆయనకి తెలియదు. మొదటి రోజు అరుగు మీద కూర్చుని, "వంగ మొక్కకి నీళ్ళు పోసేవా?" అన్నాడు. పోశానన్నాను. గంటలో మిగతా యాభై తొమ్మిది నిమిషాలూ ఇద్దరం వంగ మొక్కనే చూశాం. మూడో రోజు కొబ్బరాకు చుట్టి బూర చేశాడు. ఆయనకి బూర చెయ్యడం వచ్చని నాకప్పుడే తెలిసింది. నాకు నేర్పాడు. ఇద్దరం ఊదుతుంటే నాయనమ్మ చెవులు మూసుకుని తిట్టింది. "పుష్పా, ఇంకోటి తే" అన్నాడు నాన్న. "ఆయ్" అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ వారం ఆఖరికి నాయనమ్మకి పేపరు చదివి వినిపించాను.

బోర్డు మాత్రం ఇంకా మసగ్గానే ఉంది. జోడు పెట్టుకున్నా సరే, రాజ్యం మేడమ్ చెప్పుల టకటక వినపడగానే అక్షరాలు చెదిరిపోయేవి. కాగితంలో ఆఖరి ఆర్డరు మిగిలిపోయింది కదా! దాన్ని నాన్న ఇవాళా రేపూ అంటూ పది రోజులు లాగాడు. మా నాన్నకి రాజ్యం మేడమంటే నాకన్నా భయమని అప్పటికి నాకు అర్థమైంది.

పదకొండో రోజున నాతో పాటు బస్సెక్కాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పంచె. దారిపొడుగునా ఒక ఇంగ్లీషు వాక్యం పెదాలతో వల్లె వేసుకుంటున్నాడు. మొదటి పీరియడు మధ్యలో మా క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. నలభై మంది పిల్లలం తిరిగి చూశాం.

మేడమ్ వెళ్ళి, "ఆర్ యూ పుష్పలతాస్ ఫాదర్?" అంది.

నాన్న నోరు తెరిచాడు. వల్లె వేసిన వాక్యం ఎక్కడికి పోయిందో పోయింది.

"ఆయ్" అన్నాడు.

నాన్న మొహం కందగడ్డైపోయింది. వెనక్కి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చేతులు కట్టుకుని, "తప్పేనండి. అలవాటండి," అన్నాడు. "మా అమ్మ నేర్పిందండి నాకు, నేను నేర్పేను దీనికి. అది అగౌరవం కాదండి మేడమ్ గారూ, మా గౌరవమే అదండి. పిల్లని బెంచీ ఎక్కించొద్దండి. దానికి మీరంటే భయం, నేనంటే భయం. ఆ భయానికి కళ్ళు కనపడటం లేదండి. కావాలంటే నన్ను ఎక్కించండి."

మేడమ్ తెల్లబోయి చూసింది. ఆవిడకి కళ్ళ సంగతి తెలియదు, నా జోడు చూసి మామూలు సైటే అనుకుంది. నేను చెప్పలేదు, నాన్నా చెప్పలేదు. ఆవిడ కంగారులో చేతిలో సుద్దముక్క జారిపోయింది.

"ఆయ్, ఆయ్, అంత మాటెందుకండి మాష్టారూ, లోపలికి రండి, కూర్చోండి" అంది.

రాజ్యం మేడమ్ ఆయ్ అంది! రెండుసార్లు! మద్రాసు మేడమ్! అనేసి చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న కట్టిన చేతులు విప్పేసి, "మీదే ఊరండీ?" అన్నాడు.

"కాట్రేనికోనండి" అంది ఆవిడ, చేతి వెనక నుంచి. మా పక్క ఊరే!

నలభై మందీ ఒక్కసారి ఘొల్లుమన్నారు. ముందు నవ్వింది మేడమేనని నా నమ్మకం. తెలుగు మాటాడితే తన ఉద్యోగానికి ముప్పొస్తుందని ఆవిడ ఆర్నెల్లుగా హడలి చస్తోందని తర్వాత తెలిసింది. నా దగ్గరికొచ్చి, బెంచీ పక్కన వంగి, చాలా మెల్లిగా "నాకు తెలీదమ్మా" అంది.

నాన్న సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి ఆట స్థలం, దాని చివర గేటు ఉంటాయి. నాన్న అటు నడుస్తున్నాడు. నాకెందుకో అటే చూడాలనిపించింది. గేటు దగ్గర ఆగి, చెప్పుల్లో ఇసక దులుపుకోడానికి వంగాడు. వీపు మీద చొక్కాకి అతుకు కనపడింది. అదే రంగు గుడ్డతో, ఎవరికీ తెలియకుండా అమ్మ సన్నగా కుట్టిన అతుకు. ఆ కుట్టు కూడా కనపడింది. నేను గులాబి జోడు తీసి ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ చూశాను. అప్పుడూ కనపడింది. ఈ బడికి నన్ను పంపడం మొదలుపెట్టాక నాన్న కొత్త చొక్కా కుట్టించుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చేసింది. మా నాన్నంటే అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

శనివారం జోడు తిరిగివ్వడానికి వెళ్ళాం. నాన్న బయట పెదబాబు గారితో మాట్లాడుతున్నాడు. మాణిక్యాలరావు గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఇనప ఫ్రేము చేతిలోకి తీసుకుని, "ఇప్పుడేం కనపడుతోందండీ పాపగారూ?" అన్నారు.

నేను ఆయన చెవిలో నాన్న చొక్కా సంగతి చెప్పాను.

ఆయన ఇనప ఫ్రేము మళ్ళీ పెట్టెలో పెట్టేసి మూత వేశారు. ఆ రోజు నాకు అట్ట చూపించలేదు.

"దీనమ్మా," అని లోపలికి కేకేశారు, "పాపగారికి చూపొచ్చేసిందే."